తీగ తగిలించని స్కానరు

తమ్ముడు శాలేమురాజు సంచి సర్దింది నేనే. వాడు కార్ల మెకానిక్కు. పెనుమూడి వంతెన మీద ఎవరిదో కారు ఆగిపోయిందని సాయంత్రం ఫోను వచ్చింది. ఇంజనులో లోపం చెప్పే స్కానరును సంచిలోంచి తీసి మంచం మీద పెట్టి, సంచి అడుగున అన్నం క్యారేజీ సర్దాను.

"రెండు గంటల్లో వస్తానక్కా. ఊరు వదిలిపోతున్నట్టు సర్దుతున్నావేంటి?"

"ఆకలితో ఉంటే చేతులాడవురా."

సంచి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. మా ఇంట్లో ఎవరు బయల్దేరినా అంతే. వాడి మోటారుసైకిలు వెళ్లిపోయాక చూస్తే, స్కానరు మంచం మీదే ఉంది. ఫోను చేస్తే తీయలేదు. ఎనిమిదింటికి వాడే చేశాడు.

"స్కానరు తగిలించానక్కా. చిన్న లోపమే. కారు ఒకసారి నడిపి చూసి వచ్చేస్తా."

"అది ఇక్కడే మర్చిపోయాంరా."

"నీకెప్పుడూ కంగారే. నా చేతిలో ఉంటేనూ," అని నవ్వి పెట్టేశాడు.

స్కానరుకు సొంత బ్యాటరీ లేదు. కారుకు తగిలిస్తేనే వెలుగుతుందని వాడే చెప్పాడు. ఇప్పుడది మంచం మీద వెలుగుతోంది. దాని తీగ దుప్పటి మీద ఊరికే పడి ఉంది. తెర మీది ఇంగ్లీషు నాకు రాదు, అంకెలు వచ్చు. కారు వేగం చూపిస్తుందని వాడు నేర్పిన గడిలో అంకెలు ఇరవై, నలభై, అరవై అని పెరిగాయి. ఫ్యాను ఆపి విన్నాను. ఏ చప్పుడూ లేదు. అంకె సున్నా అయింది. తెర ఆరిపోయింది.

మళ్లీ ఫోను చేశాను. మోగుతూనే ఉంది.

తెల్లారి వంతెన మీద వాడి మోటారుసైకిలు, మూత తీయని క్యారేజీ దొరికాయి. కారు లేదు. శాలేమురాజు తిరిగి రాలేదు. వాడు వెళ్లింది 2022 నవంబరు 16, బుధవారం.