ఒక్క బర్నరు పొయ్యి

చిలకలూరిపేటలో గ్యాసు పొయ్యిలు అమ్మే కొట్టుకు వెళ్ళిన వెంకటరావమ్మ గాజు పలకవీ, మూడు బర్నర్లవీ పక్కన పెట్టించి, ఒక్క బర్నరున్న స్టీలు పొయ్యి ఎంచుకుంది.

"మిరపకోతలకు కూలీలొస్తే ఇది చాలదమ్మా," అన్నాడు కొట్టతను.

"చాల్లే అయ్యా. నాబ్ తిప్పితే అదే వెలగాలి, లైటరుతో పని ఉండకూడదు."

ఇంటికి రాగానే సిలిండరుకు బిగించి వెలిగించింది. మంట పసుపుగా వచ్చింది. పొయ్యి కింద గాలి వెళ్ళే రేకును కొద్దికొద్దిగా జరిపి నీలంగా మారేదాకా సరిచేసింది. తర్వాత, షుగరు జబ్బుతో చూపు పోయిన భర్త పేరయ్యను పిలిచి, అతని చేతిని నాబ్ మీద పెట్టింది.

"నొక్కి ఎడమకు తిప్పు మావా. ఇది పెద్ద మంట. ఇంకా తిప్పితే నాబ్ ఆగిపోయే చోట చిన్న మంట. చప్పుడు తగ్గింది, విన్నావా?"

"నువ్వుండగా నాకెందుకే ఇవన్నీ?"

"నాకు జ్వరమొస్తే పస్తుంటావా? మళ్ళీ వెలిగించు."

వారం రోజులు అతన్ని వదల్లేదు. ఎనిమిదో రోజు పొద్దున పేరయ్య ఒక్కడే టీ కాచి, గోడ తడుముకుంటూ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఒక గుక్క తాగి, బాగుందని అంది వెంకటరావమ్మ.

"గుంటూరులో డాక్టరుగారు నీకు మూడు నెలలకు మించి లేదన్నప్పుడు, నేను తలుపు పక్కనే కూర్చున్నా," అన్నాడు పేరయ్య. "నువ్వే చెబుతావని ఇన్నాళ్ళూ చూశా."



పేరయ్య ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"అన్నానికి ఎసరు ఎంత పెట్టాలో చెప్పు," అన్నాడు.