హోప్‌ఫుల్ తర్వాత మాట

బోధన్ బస్టాండులో సింధూజ కళ్లు మూసుకుని గొణుక్కుంటోంది.

"కేర్, కేర్‌ఫుల్... అబ్బా, తర్వాతేంది?"

"కేర్‌లెస్," అన్నాడు పక్కనున్న ముసలాయన.

ఉలిక్కిపడి చూసింది. మాసిన ధోవతి, భుజాన తువ్వాల. పేరు రామ్‌దాసట.

"అర్థం చెప్పుండ్రి సార్!"

"గది నువ్వే చెప్పాలె బిడ్డా."

రిటైరైన టీచరేమో, పరీక్ష పెడుతున్నాడనుకుంది. నిజామాబాద్ ఆస్పత్రిలో నర్సు ఉద్యోగానికి ఇంగ్లీషులో ఇంటర్వ్యూ. పోయినసారి నోరు పెగల్లేదు. ఈసారీ పోతే అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టడమే.

కోచింగ్ బస్సు కోసం ఎప్పుడొచ్చినా ఆయన అక్కడే ఉండేవాడు. మాట ఆమెది, తోక ఆయనది, అర్థం మళ్లీ ఆమెది. పెయిన్‌కు లెస్ తగిలిస్తే నొప్పి పోయింది. హెల్ప్‌కు తగిలిస్తే దిక్కే పోయింది.

హోప్ దగ్గర మాత్రం "హోప్‌ఫుల్" అని ఆగిపోయేవాడు. చూపు బస్సులు పోయే దారి మీద నిలిచిపోయేది.

ఇంటర్వ్యూ నాడు కూడా అంతే. అసలే గుండె దడ. సింధూజకు ఒళ్లు మండింది.

"ఎప్పుడూ ఆడనే ఆగుతరేంది సార్? హోప్‌లెస్! మీ లెక్కనే!"

ఆయన ముఖం వెలిగిపోయింది.

"హోప్‌లెస్... హోప్‌లెస్..." అని మురిపెంగా అనుకున్నాడు. "సల్లంగుండు బిడ్డా!"

సిగ్గుతో చచ్చిపోయింది. తప్పైందని చెప్పేలోపే బస్సొచ్చింది.

ఉద్యోగం వచ్చింది.

మిఠాయి డబ్బాతో వెళ్తే బస్టాండులో ఆయన లేడు. టీకొట్టులో అడిగి ఇల్లు పట్టుకుంది. ఆయన భార్య భీమవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"సార్ ఉన్నరా అవ్వా?"

"పోయిండు బిడ్డా, మొన్న ఐతారం."

సింధూజ డబ్బాను వెనక్కి దాచుకుంది.

"ఏ బడిల చెప్పేటోడు సార్?"

"సారేంది! ఆయనకు ఓనమాలు గూడ రావు. చెరుకు కొట్టేటోడు. మా బిడ్డ శైలజ నర్సు పరీక్షకని, బీడీలు చేసుకుంట గట్టిగ సదువుతుండె. ఈయన పక్కన ఆకు కత్తిరించుకుంట ఇంటుండె. పరీక్షనాడు పొద్దుగాల హోపుఫుల్లు దాక సదివి, బస్సొచ్చిందని ఉరికింది. దారిల ఆ బస్సును లారీ గుద్దింది, బిడ్డ మళ్ల రాలె. గప్పటిసంది ఆమె బస్సెక్కిన కాడికే వోయి కూసునేటోడు."

బీడీ కొస మడిచి, మళ్లీ అంది.

"మొన్నొకనాడు ఉరికొచ్చిండు. 'మన బిడ్డ ఇడిసిపోయిన మాట దొరికిందే' అన్నడు. పాణం పోయేదాక గదే అనుకుంట మురిసిండు. హోపులెస్సట. అంటే ఏంది బిడ్డా?"

సింధూజ అవ్వ పక్కన కూర్చుంది.

"ఆశ, అవ్వా," అంది. "కడుపునిండ ఆశ."