నకిలీ ఎసెన్సు

"వరండాలోకి వాసన వచ్చాకే స్టవ్ ఆపాలి. గడియారం చూడకు, మూత తియ్యకు" అని కృపావతి బయట కుర్చీలో కూర్చుంది. ఇసుక పోసిన కుక్కర్లో క్రిస్మస్ కేకు పొంగుతోంది. కోడలు శారోన్‌కి అత్తగారింట్లో ఇదే మొదటి క్రిస్మస్.

కాసేపటికి తియ్యటి వాసన ఇల్లంతా నిండింది.

"ఆపెయ్యనా అత్తయ్యా?"

"వాసనేదీ? గుడివాడలో ఎవడో నీకు నకిలీ ఎసెన్సు అంటగట్టాడు!"

నెల నుంచీ ఇదే వరస. చారులో ఇంగువ లేదంటుంది, చేపల పులుసులో మెంతిపొడి లేదంటుంది. మళ్ళీ అడిగితే ఏమంటుందోనని శారోన్ స్టవ్ దగ్గరే బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

మాడు వాసన మొదలైంది. వరండాలోంచి పిలుపు రాలేదు. పొగ లేచాక ఇక ఆగలేక స్టవ్ కట్టేసి మూత తీసింది. కేకు బొగ్గయింది.

పొగ చూసి కృపావతి పరుగున వచ్చింది. శారోన్ గట్టిగా కళ్ళు మూసుకుంది.

తిట్లు రాలేదు. కళ్ళు తెరిస్తే, అత్తగారు కుక్కర్ మీదికి వంగి ఊపిరి పీలుస్తోంది. మళ్ళీ పీల్చింది. ఎసెన్సు సీసా తెరిచి ముక్కుకి ఆనించుకుంది.

"శారోనూ... చారులో రోజూ ఇంగువ వేస్తూనే ఉన్నావు కదమ్మా?"