పచ్చ పేజీ

“దావత్ లేదు, గీవత్ లేదు. ముందుగాల గీ పసరు తాగు.” అండాలమ్మ గ్లాసు తెచ్చి భర్త ముక్కు కింద పెట్టింది.

సీతారాములు మొహం ముడుచుకుపోయింది. నాదర్‌గుల్‌లో జానయ్య తోట దగ్గర ఈ సాయంత్రం బస్సు డిపోలో తనతో పనిచేసిన దోస్తులంతా ఆలుమగలుగా కలుస్తున్నారు. బగారన్నం, తలకాయ కూర. జానయ్య పొద్దుట్నుంచి ఒకటే ఫోన్లు. ఇక్కడ చూస్తే ఉప్పు లేని పప్పు, కారం లేని చారు, నేలఉసిరి పసరు! మనిషన్నవాడు ఎన్ని రోజులని ఓర్చుకుంటాడు?

“నాకేం కాలేదే. కండ్లు సూడు, తెల్లగ లేవా?”

“రోగం లోపల ముదురుతున్నది. బయటికి రానీకి టైం పడుతది.”

“అయితే దవాఖానకు పోదాం పా.”

“రేపు సోమారం, పోదాం. అందాక పత్యమే.”

తప్పంతా ఆయన నోటిదే. బిడ్డ జ్యోతిక పుస్తకాలు చదువుకోమని కొనిచ్చిన ఈ-రీడర్‌లో డిటెక్టివ్ నవల చదువుతూ చదువుతూ మొన్నొక సాయంత్రం, “ఏందే, పొద్దు గూకేసరికి పేజీలన్నీ పచ్చగ కనిపిస్తున్నయ్” అని గట్టిగా అనేశాడు. అది ఏ రోగమో మన ఇళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. పచ్చకామెర్లు! అండాలమ్మ ఆ రాత్రే ఉప్పు డబ్బా అటకెక్కించేసింది. “నువ్వు తినకుంటే నేను తింటనా?” అంటూ తనూ ఆ చప్పిడి కూడే తింటోంది. ఆ మాటకు సీతారాములు గుండె కరిగిపోయింది గానీ, ముద్ద మాత్రం గొంతు దిగలేదు.

పైగా మతి కూడా తప్పుతోందని ఆయనకు కొత్త దిగులు పట్టుకుంది. చదువుతూ ఆపిన పేజీ ఒకటి, సాయంత్రం పార్కుకు పోయి వచ్చి తెరిస్తే కనిపించే పేజీ ఇంకొకటి. కామెర్లు తలకెక్కాయా ఏం ఖర్మ!

“గా సదివే డబ్బను అవతల పారెయ్. దాని మొకం సూస్తెనే నాకు ఒళ్లు మండుతది” అంది అండాలమ్మ.

ఆమె వద్దన్నందుకే సీతారాములు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బయట చీకటి పడుతోంది. పేజీ పసుపు పూసినట్టు పచ్చగా ఉంది. దావత్ మీద ఆశ వదులుకుని, నిట్టూర్చి తలెత్తాడు. అండాలమ్మ అటు తిరిగి దేవుడి దగ్గర దీపం వెలిగిస్తోంది. ఆమె జడలో పొద్దున చైతన్యపురిలో కొన్న మల్లెదండ.

పూలు చూశాడు. పేజీ చూశాడు. మళ్లీ పూలు చూశాడు.

“అండాలూ! కదలకు!”

“ఏందయ్యా, తేలా?”

“నీ పూలు తెల్లగున్నయే! పేజీ ఒక్కటే పచ్చగున్నది! రోగం నా కండ్లకుంటే పూలు గూడ పచ్చగనే కనిపియ్యాలె గద!”

అండాలమ్మ గబుక్కున దండ తీసి దీపం ముందు పట్టుకుని చూసింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.

సీతారాములుకు హుషారొచ్చింది. పేజీ మీద అక్కడా ఇక్కడా నొక్కాడు, రుద్దాడు. పైనుంచి వేలు జారగానే ఏవో గీతలు, గుర్తులు దిగాయి. కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నాడు. “వార్మ్‌త్... ఆటో...”

“డబ్బల ఆటో ఏంది?”

“మనమెక్కే ఆటో కాదే పిచ్చిదానా! పొద్దు గూకంగనే దానంతట అదే వెలుగును పచ్చగ చేసుకుంటున్నది, కండ్లకు సల్లగ ఉండాలెనని!” ఆయన ఆ గీతను ఈ చివరికి లాగాడు. పేజీ పాలలా తెల్లబడింది. ఆ చివరికి లాగాడు, పచ్చబడింది. మళ్లీ తెల్లబడింది.

ఇక చూడాలి సీతారాములును! లుంగీ ఎగ్గట్టి కేకలు పెడుతూ వరండాలోకి ఉరికాడు. ఆ కేకలకు ఎదురు ఫ్లాటు సాంబమూర్తి కంగారుగా తలుపు తీశాడు.

“ఏమైందండీ సీతారాములుగారూ? అంతా కులాసాయేనా?”

“కామెర్లు నాకు కాదు సార్, గీ డబ్బకు! దానికి గూడ తగ్గిచ్చిన!”

“అదేమిటండోయ్!” అంటూ ఆయన నోరు తెరిచి నిలబడిపోయాడు.

సీతారాములు లోపలికొచ్చి ఇస్త్రీ చొక్కా తొడిగి, మీసం దువ్వి, స్కూటర్ తాళం వేలికి తగిలించి గిరగిరా తిప్పాడు. ఇన్నాళ్ల చప్పిడి తిండి మీద ఇవాళ పగ తీర్చుకోవాలి.

“ఇగ నన్నెవ్వరాపుతరో సూస్త! తలకాయ కూర కడుపునిండ తింట. ఒచ్చినంక తెల్లటి పేజీల మీద సదివి, హంతకుడు కంపౌండరో డ్రైవరో తేలుస్త!”

అండాలమ్మ వస్తున్న నవ్వును పెదవి కింద నొక్కిపెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. పసరు గ్లాసు తీసుకుని వంటింట్లోకి నడిచి తొట్లో ఒంపేసింది. ఆ తర్వాత బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి ఇంకో గ్లాసు బయటికి తీసింది. అందులోనూ సగం దాకా పసరే ఉంది. దాన్నీ ఒంపేసింది.

“గా గ్లాసు ఎవరిదే?” అన్నాడు సీతారాములు, తాళం తిప్పడం ఆపి.

“జర ఆగు, చీర మార్చుకొనొస్త, నేను గూడ దావత్‌కు ఒస్తున్న” అంటూ అండాలమ్మ మల్లెదండ మళ్లీ జడలో తురుముకుంది. “హంతకుడు గా కంపౌండరే గని, సదువుతుంటె నాకు గూడ పేజీలన్నీ పచ్చగనే కనిపిచ్చినయ్ మరి!”