రెండో వరుసలో ఒక గొంతు

"ఆవిడకి కొలత అక్కర్లేదు, ఆవిడ రాదు" అంది టైలరమ్మ, తెల్ల గుడ్డ మీద నీలం సుద్దతో గీత గీస్తూ.

చర్చి పాటల బృందానికి పన్నెండు అంగీలు కుట్టాలి. బల్ల మీద పదకొండింటికే గుడ్డ కత్తిరించి ఉంది. ఎదురుగా కూర్చుని బొత్తాలు కుడుతున్న ఆడపడుచు తలెత్తింది. ఆమె కూడా ఆ బృందంలోనే, ముందు వరుసలో పాడుతుంది.

"ఎవరు రారు వదినా?"

"ఇంకెవరు, ఇస్త్రీ అక్క. మొన్న పాటల మాస్టారు అన్నది వినలేదా? రెండో వరుసలో ఒక గొంతు పాటని పాడు చేస్తోంది, పెద్ద సభకి ఆ గొంతుని తీసుకెళ్ళను అన్నాడు. పేరు చెప్పడానికి నోరు రాలేదు పాపం. చూపు మాత్రం మా ఇద్దరి వైపే ఉంది."

"ఉంది" అంది ఆడపడుచు, దారం పంటితో కొరుకుతూ.

"నాకు జ్వరం వచ్చిన ఆదివారం పాట తేనెలా సాగిందటగా? ఆ రోజు ఆవిడ గొంతే పైకి లేవలేదట. నా ఖర్మ, బాగా పాడిన ఒక్క రోజూ నేను మంచంలో ఉన్నాను."

ఆడపడుచుకి సూది గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుంది.

"ఆదివారం ప్రసంగంలో అయ్యగారు ఏం చెప్పారు? ప్రేమలో నటన ఉండకూడదు, చెడుని అసహ్యించుకుని మంచిని అంటిపెట్టుకోవాలి అన్నారు. ఇన్నేళ్ళూ ఆవిడ అరుస్తుంటే మనం నవ్వు మొహాలు పెట్టుకుని నిలబడ్డాం. నటన కాకపోతే ఏమిటది? ఈ రోజు వెళ్ళి చెప్పేస్తాను. ప్రేమతోనే."

"ప్రేమతో అంటే?"

"గుమ్మం బయట తిట్టను."

"వదినా" అంది ఆడపడుచు. తర్వాత ఏదో మింగి, "గొడుగు తీసుకెళ్ళు" అంది.

టైలరమ్మ దారి పొడుగునా ప్రార్థన చేసుకుంది. ప్రభువా, నా నాలుకకి మెత్తదనం ఇవ్వు, ఆవిడ బుర్రకి తెలివి ఇవ్వు, పన్నెండో అంగీకి గుడ్డ ఎలాగూ చాల్లేదు కాబట్టి నీ చిత్తం కూడా ఇదేనని అనుకుంటాను.

ఇస్త్రీ కొట్టు లోపలినుంచి సన్నగా, తియ్యగా పాట వినిపించింది. రేడియో కాబోలు అనుకుంది. ఆమె మెట్టెక్కగానే పాట ఆగిపోయింది. లోపల ఇస్త్రీ పెట్టె, నీళ్ళ గిన్నె, బట్టల గుట్ట, వాటి మధ్య ఇస్త్రీ అక్క.

"రా చెల్లీ. ఆ చొక్కాల మీద మాత్రం కూర్చోకు, మళ్ళీ మొదటికొస్తాయి."

"కూర్చోనక్కా. ఒక మాట చెప్పి పోతాను. ప్రేమతో."

"అబ్బో. అయితే గట్టిదే అయ్యుంటుంది."

"నువ్వు పాట ఎత్తుకుంటే చూరులో పావురాలు లేచిపోతున్నాయి."

"చూశాను."

"శ్రుతి ఒక వీధిలో ఉంటే నువ్వు ఇంకో వీధిలో ఉంటావు."

"నిజమే."

పోట్లాటకి కొంగు బిగించి వచ్చిన మనిషికి అవతలివాళ్ళు ఒప్పేసుకుంటే ఒళ్ళు మండుతుంది. టైలరమ్మకీ మండింది.

"నిజమే అంటే అయిపోయిందా? పైగా అదేదో దూరంగా నిలబడి పాడవు. నేను చివరికి జరిగితే చివరికి వస్తావు, మధ్యకి వస్తే మధ్యకి వస్తావు. పదకొండేళ్ళుగా నా చెవిలోనే. నీ పక్కన నిలబడితే నా పాట నాకే వినపడదు."

ఇస్త్రీ అక్క కాలరు మీద నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించింది. ఆవిరి చుయ్యిమంది.

"ఇంకా?"

టైలరమ్మ గొంతు తగ్గింది. "మా ఆయన చనిపోయిన ఏడాదే ఇందులో చేరాను. వారమంతా మిషను చప్పుడే అక్కా. ఆదివారం ఆ కాసేపు పాడితేనే నేనూ ఒక మనిషిననిపిస్తుంది. ఇంత కాలానికి పెద్ద సభ వచ్చింది. నీ వల్ల మాస్టారు రెండో వరుసనే తీసేస్తే నేనేమైపోవాలి?"

ఇస్త్రీ అక్క చెయ్యి ఆగింది. చొక్కా మాడబోతుంటే గబుక్కున పెట్టె ఎత్తి నిలబెట్టింది.

"నిన్న మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆ గొంతు నాదే, నేను మానేస్తాను అన్నాను."

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. వెంటనే కాస్త సిగ్గు కూడా వేసింది. ఇంటికి వెళ్ళగానే ఆవిడకో రవిక ఊరికే కుట్టిపెట్టాలని నిశ్చయించుకుంది.

"మరి ఏమన్నాడు?"

"ఒప్పుకోలేదు. నేను మానేస్తే అసలుకే మోసం అన్నాడు."

"ఆయన చెవులు కూడా పోయాయా? సరే, అది ఆయన కర్మ. నువ్వు చెప్పు. బాగోదని తెలిసి తెలిసి అంత గట్టిగా ఎందుకు పాడతావక్కా?"

"వద్దులే చెల్లీ."

"నటన వద్దని అయ్యగారు చెప్పారు. నేను చెప్పలేదా నీ మొహం మీదే?"

ఇస్త్రీ అక్క చెయ్యి తుడుచుకుని టైలరమ్మ చేతిని పట్టుకుంది. వేడిగా ఉంది ఆ చెయ్యి.

"నీ గొంతు బయటికి వినపడకుండా, చెల్లీ."