వంకలాయన

“వాన పడితే ఈ గోడ చెమ్మగిల్లుతుంది” అన్నాడు పెద్దాయన.

ఆయన్ని ఎవరూ అడగలేదు. ఖాళీ వంటగదిలో, కిటికీ పక్కన, ఒక పాత స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వెనక తలుపు తీసి ఉంది. అటునుంచి వచ్చినట్టున్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది.

నెలల తరబడి, సెలవురోజంటూ లేకుండా భార్యాభర్తలిద్దరూ ఇళ్లు చూస్తూనే ఉన్నారు. అతను రొట్టెల వ్యాను నడుపుతాడు. ఆమె బట్టల కొట్టులో పని చేస్తుంది. డబ్బు తక్కువైతే ఇల్లు కొనేవాడంటే అందరికీ లోకువే. వాళ్ల బడ్జెట్ వినగానే బ్రోకర్లు నవ్వేవారు. ఒకడైతే, ఆ డబ్బుకి గోడలైనా పైకప్పైనా ఏదో ఒకటే వస్తుంది, రెండూ కావాలంటే కష్టమన్నాడు.

ఇన్నాళ్లకు, మునివేళ్ల మీద లేస్తే అందుతుందేమో అనిపించే ఇల్లు ఒకటి కనపడింది. రెండు గదులు, ఒక వంటగది, వెనక బట్టలారేసుకునేంత జాగా. ఇంటాయన చెప్పిన ధరకీ వీళ్ల దగ్గరున్నదానికీ ఇంకా చాలా దూరం. తగ్గించి అడిగి చూద్దామని వచ్చారు.

బ్రోకరు తాళం తీసి, ఫోను పట్టుకుని వీధిలోనే ఉండిపోయాడు. ఇంకో పార్టీ కూడా చూస్తోంది, ఏ సంగతో ఇవాళే తేల్చాలి అని దారిలోనే బెదిరించాడు.

ఆ ఇంకో పార్టీ ఈయనేనని ఆమెకు చూడగానే తెలిసిపోయింది.

“వెనక తలుపు పట్టేస్తుంది” అన్నాడు పెద్దాయన మళ్లీ. “పొద్దున్నపూట నీళ్లు సన్నగా వస్తాయి. పక్కింటి కుక్క రాత్రిళ్లు పడుకోనివ్వదు.”

కొట్టులో ఎందరిని చూసిందో ఆమె. బాగుంది, బాగుంది అన్నవాడు చూసి పోతాడు. రంగు వెలిసిందనీ, అంచు వంకరనీ వంకలు పెట్టేవాడే చివరికి కొంటాడు. ఈయన కూడా ఆ బాపతే. ఎదుటివాళ్లను బెదరగొట్టి పంపేసి, తీరుబడిగా చవగ్గా కొట్టేద్దామని చూస్తున్నాడు. వయసు పెరిగింది గానీ బుద్ధి పెరగలేదు అనుకుంది.

భర్త అప్పటికే గోడను వేలితో తడిమి చూస్తున్నాడు.

“నిజమేనేమో” అని గొణిగాడు. “వదిలేద్దామా?”

అంతే, ఆమెకు పట్టరాని కోపం వచ్చింది.

“ఏవండీ పెద్దాయనా, గోడ తడిస్తే తుడుచుకుంటాం. నీళ్లు సన్నగా వస్తే ముందే లేచి పట్టుకుంటాం. కుక్క మొరిగితే దొంగల భయం లేదనుకుంటాం. నిక్షేపంగా నిలబడ్డ ఇంటికి ఇన్ని వంకలు పెడుతున్నారే, ఇల్లు విలువేంటో మీకేం తెలుసు? ఎవరో ఇందులో పెళ్లాం పిల్లలతో బతికారు. మీ మాటలు వింటే వాళ్ల ప్రాణం ఎంత ఉసూరుమంటుంది? లేవండి, మేం చూసుకోవాలి.”

భర్త ఆమె మోచెయ్యి గిల్లాడు. ఆమె పట్టించుకోలేదు.

పెద్దాయన లేచాడు. ఆయన మొహంలో కోపం లేదు. గోడనొకసారి, ఆమెనొకసారి చూశాడు.

“ఇవన్నీ తెలిసి కూడా కొంటారా అమ్మా?”

“కొంటాం. మీకు మాత్రం దక్కనివ్వం.”

ఆయన బయటికి నడిచి, వెనక తలుపును కాస్త పైకెత్తి లాగాడు. చప్పుడు లేకుండా మూసుకుంది.

ఆ వేడి మీదే ఆమె వీధిలోకి వెళ్లి, తాము ఇవ్వగలిగిన ధర చెప్పేసింది. ఆ డబ్బుకి ఇంటాయన గుమ్మం కూడా ఇవ్వడన్నాడు బ్రోకరు. అడిగితే నోరేం అరిగిపోదు, అడిగి చూడమంది ఆమె.

సాయంత్రం ఫోను వచ్చింది. ఇంటాయన ఒప్పుకున్నాడు. ఆ మాట చెబుతుంటే బ్రోకరుకి ఏడుపొక్కటే తక్కువ.

కాగితాలు రాసుకునే రోజున కూడా ఇంటాయన కనపడలేదు. ఒంట్లో బాగాలేక, ముందే సంతకాలు పెట్టి అక్కగారి ఊరు వెళ్లిపోయాడని లాయరు చెప్పాడు. ఆమె దాన్ని పట్టించుకోలేదు. వంకలాయన నోట్లో మన్ను కొట్టామని, కొట్టులో తోటివాళ్లందరికీ చెప్పి మురిసిపోయింది.

తొలి వాన పడింది.

వంటగది గోడ చెమ్మగిల్లింది, సరిగ్గా కిటికీ పక్కనే. వెనక తలుపు ఉబ్బి పట్టేసింది. భర్త భుజం ఆనించి ఎంత నెట్టినా కదల్లేదు.

ఆమె గొడుగు మడవకుండానే బ్రోకరు ఆఫీసులోకి వెళ్లి నిలబడింది.

“కడుపు కట్టుకుని కూడబెట్టుకున్నవాళ్లం. గోడ తడుస్తుందని ఒక్క మాట చెప్పడానికి మీ ఇంటాయనకి నోరు రాలేదా? పిలిపించండి, మొహం మీదే అడుగుతాను.”

“ఎక్కణ్ణించి పిలిపించనమ్మా? ఆయన పోయి నెల దాటింది.”

“అయితే, పోతూ పోతూ మమ్మల్ని ముంచి పోయాడన్నమాట.”

మాటకి ముందు నవ్వే బ్రోకరు ఈసారి నవ్వలేదు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. ఆ ఇంకో పార్టీ, అంటే మందుల షాపాయన, మీకంటే చాలా ఎక్కువ ఇస్తానన్నాడని, తాను ఎంత బతిమాలినా ఇంటాయన వినలేదని చెప్పాడు.

ఆమెకు అర్థం కాలేదు.

“మందుల షాపాయనా? మరి ఆ రోజు వంటగదిలో స్టూలు మీద కూర్చుని వంకలు పెట్టినాయన ఎవరు?”

బ్రోకరు చేతిలో ఫోను పక్కన పెట్టాడు.

“తను కట్టుకున్న ఇంటి కోసం తనతోనే దెబ్బలాడిన మనిషి వచ్చిందని, మీరెంతంటే అంతకే ఇచ్చెయ్యమన్నాడమ్మా ఆయన.”