సున్నా తర్వాతి చుక్క

“చుక్క సున్నాకి దిగిపోయింది. మిషను కట్టెయ్,” అంది పెద్ద మేడమ్.

“కట్టను మేడమ్,” అంది పరిశోధన చేస్తున్న పిల్ల.

ల్యాబులో వాళ్లంతా నోళ్లు తెరిచారు. పెద్ద మేడమ్‌కి ఎదురు చెప్పడమే!

సంగతేమిటంటే, ఈ గదిలో అద్దాల మధ్య ఒక పరమాణువుంది. రోడ్డవతల భవనంలో, అలాంటి అద్దాల మధ్యే, ఇంకోటి. రెండింటికీ క్వాంటమ్ ముడి వేశారు. ముడి ఉన్నంతసేపు ఇక్కడిదాన్నీ అక్కడిదాన్నీ కొలిస్తే జవాబులు జోడు కుదురుతాయి. కాలం గడిచేకొద్దీ ఆ ముడి ఎంత వదులవుతోందో తెర మీద చుక్కలు చెబుతాయి. ఒక్కో చుక్క కోసం వేలసార్లు ముడి వేసి, చుక్కచుక్కకీ ఇంకాస్త ఎక్కువసేపు ఆగి, కొలవాలి. అందుకే చుక్క సున్నాని తాకగానే మిషను కట్టెయ్యడం అక్కడ మొదట్నుంచీ అలవాటు.

“పోయిన ముడి తిరిగి రాదని పుస్తకమే రాశాను. చదివావా, దిండు కింద పెట్టుకు పడుకున్నావా?”

“చదివాను కాబట్టే ఆగమంటున్నాను మేడమ్. ముడి పోలేదు. అద్దాల మధ్య వెలుగులోకి జారుకుంది. మళ్లీ వస్తుంది.”

“రాకపోతే?”

“ఈ పని మానేసి వెళ్లిపోతాను.”

“సరే, చూద్దాం.” మేడమ్ కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది.

ఇంకో చుక్క పడింది. సున్నా. దాని తర్వాతదీ సున్నాయే. పిల్ల గోళ్లు కొరకడం మొదలుపెట్టింది.

“నోట్లోంచి వేళ్లు తియ్!” కసిరింది మేడమ్, తెర మీంచి చూపు తిప్పకుండానే.

అప్పుడు పడిన చుక్క సున్నా గీత మీద కూర్చోలేదు. కాస్త పైకి లేచింది. పక్కది ఇంకాస్త పైకి.

మేడమ్ గబగబా రోడ్డవతలికి ఫోను కలిపింది. అక్కడ లేజర్లు చూసుకునేది ‘లేజరు మామ’.

“ఏమయ్యా, మధ్యలో చెయ్యి పెట్టి మళ్లీ ముడి వేశావా?”

“అయ్యో, నా చేతులు రెండూ జేబుల్లోనే ఉన్నాయి మేడమ్! ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు.”

ఆవిడ అంతటితో వదల్లేదు. మధ్యలో వెలుగు నిలవకుండా అద్దాల అమరిక కాస్త తప్పించి చూసింది. ముడి తిరిగి రాలేదు. సరిచేయించింది. వచ్చింది. మళ్లీ మళ్లీ చేయించింది. పొద్దువాలేదాకా అదే వరస.

చివరికి లేచి, అలమరలోంచి తన పుస్తకం తీసి, ముడి తిరిగి రాదన్న పేజీ మీద అడ్డంగా ఎర్రగీత కొట్టి పిల్ల చేతిలో పెట్టింది.

“ఇక్కణ్నుంచి నువ్వు రాయి,” అని విసవిసా బయటికి వెళ్లిపోయింది.

పెద్దావిడకి ఎంత తలవంపు, పిల్ల పని అయిపోయిందనే అనుకున్నారంతా. చుక్కలు చూద్దామని రోడ్డు దాటి పరిగెత్తుకొస్తున్న లేజరు మామ మాత్రం మెట్ల దగ్గర ఠక్కున ఆగిపోయాడు. మేడమ్ పైటచెంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఫోన్లో మాట్లాడుతోంది.

“ఏమండీ, పొద్దున ‘మీ కూతురికి మొండితనం తప్ప ఇంకేమీ రాదు’ అన్నానే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా... అది నా కూతురండీ!”